కొసరు ముద్ద

నా బిడ్డను "బిడ్డా" అని పిలవొద్దని నా యారాలికి నేనే చెప్పాను. వినేవాళ్ళకు ఇదేం పంచాయితీ అనిపిస్తుంది. మా వైపు ఆ మాటకు కరువా? పటాన్‌చెరు అంగట్లో గంప ముందు కూర్చుని పొద్దంతా నేను అనేది అదే. మీసాలు నెరిసిన ఫ్యాక్టరీ మనిషి వచ్చి బేరమాడినా "తీస్కో బిడ్డా, పొద్దుగాల వట్టిన చాప" అనే అంటాను. అంత చవకైన మాట. అదే మాట నాగరత్నం నోటి నుంచి నా బాలమణి మీద వాలినప్పుడు మాత్రం నా కడుపులో ఎవరో నిప్పు పెట్టి ఊదినట్టు ఉండేది.

నా యారాలు నాగరత్నం నా మరిది లింగం పెళ్ళాం. ఆ ఏడు మాఘంలోనే మా ఇంట్లో కాలు పెట్టింది. సంగారెడ్డి అవతల మంజీర ఒడ్డు పిల్ల. సన్నగా ఉంటుంది, మాట తక్కువ. మాట తక్కువ మనుషులంటే నాకు మొదటి నుంచీ పడదు. మనం ఒకటి అంటే వాళ్ళూ ఒకటి అనాలి. లేకపోతే అన్న మాట మన చెవిలోనే తిరుగుతూ ఉంటుంది.

మాది చేపలు పట్టే ఇల్లు. మా ఆయన సోమయ్య, లింగం కలిసి ఊరి పెద్దచెరువులో వలలు వేస్తారు. నేను గంప ఎత్తుకుని అంగడికి పోతాను. మా అత్త బక్కమ్మ అరుగు మీద కూర్చుని అందరినీ నడిపిస్తుంది. తొంభైలు సగానికి వచ్చిన రోజులవి. చుట్టూ ఫ్యాక్టరీలు లేచి చాలా ఏళ్ళయింది. గాలి మళ్ళితే మందుల వాసన వంటింట్లోకి వచ్చేది. కొనేవాళ్ళు చేప మొప్ప ఎత్తి వాసన చూసి ఏ చెరువుదని అడిగేవాళ్ళు. పక్కన కూర్చునేవాళ్ళంతా సింగూరు చేపలని చెప్పుకునేవాళ్ళు. నేను మా చెరువు పేరే చెప్పేదాన్ని. అప్పటికి మా నీళ్ళు బాగానే ఉన్నాయి, నాకు భయమెందుకు?

వలలో పెద్ద చేపలతో పాటు వేలెడు లేని పరకలు కూడా చిక్కుతాయి. వాటిని తూచి అమ్మేవాళ్ళు మా అంగట్లో ఎవరూ లేరు. బొచ్చె కొన్నవాళ్ళకో, రవ్వ కొన్నవాళ్ళకో చివర్లో ఒక గుప్పెడు పరకలు కొసరు వేసేదాన్ని. కొసరు పడకపోతే గిరాకీ మళ్ళీ మన గంప వైపు చూడదు. నా దృష్టిలో పరకల పని అంతే. ఇంటికి కూడా తెచ్చేదాన్ని కాదు. చేపలోళ్ళ ఇంట్లో పరకల కూర వండితే చూసినవాళ్ళు నవ్వరా?

ఆ ఎండాకాలం మొదట్లో బాలమణికి తట్టు పోసింది. మూడో ఏడు నడుస్తున్న పిల్ల. తట్టు పోయింది, పోతూ పోతూ తిండి కూడా తీసుకుపోయింది. ఏం పెట్టినా మూతి బిగించేది. ఏ చేపనైనా ఎత్తితే ఎంత తూగుతుందో నా చేయి చెప్పేస్తుంది, త్రాసు ఆ తర్వాతే. పొద్దున్నే పిల్లను ఎత్తుకుంటే ఆ చేయే నాకు చెప్పేది, నిన్నటి బరువు లేదని. చెప్పొద్దన్నా చెప్పేది. అంగన్‌వాడీ టీచర్ రాధమ్మ పిల్లను జోలెలో వేసి కాటాకు తగిలించి మొహం ముడుచుకుంది. ఇట్లాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్పించాలని, తట్టు పోసిన పిల్లలకు తిండి లేకపోతే కళ్ళకు కూడా మంచిది కాదని భయపెట్టింది. నేను బొచ్చె పొట్టముక్కలు ఏరి, ఒక్క ముల్లు లేకుండా వేళ్ళతో నలిపి, మెత్తటి అన్నంలో కలిపి నోటి దగ్గర పెట్టాను. నా బంగారు తల్లి ఆ ముద్దను తుపుక్కున ఊసింది.

అప్పుడే ఒక మధ్యాహ్నం అంగడి నుంచి వచ్చేసరికి మిద్దె మీద మా అత్త పాతచీర పరిచి ఉంది. దాని నిండా పరకలు, తలకాయలతో సహా, ఎండుతున్నాయి. నా గంపలోకి రావాల్సిన కొసరు అది. ఇదెవరి పెత్తనమని అరిచాను. నాగరత్నం చేటతో కాకులను అదిలిస్తూ, వాళ్ళ ఊళ్ళో రోగం లేచిన పిల్లలకు ఇవే పెడతారని, అత్తమ్మను అడిగే ఎండబెట్టానని చెప్పింది. మా అత్త కింది నుంచి అవునంది. మరి రేపు కొసరుకు ఏం వేయాలి, నా తలకాయా అని నేను గొణుక్కుంటూ దిగిపోయాను.

నాగరత్నం ఆ ఎండిన పరకలను పెనం మీద దోరగా వేయించి, రెండు ఎల్లిగడ్డ రెబ్బలు వేసి రోట్లో దంచేది. ముల్లు, తలకాయ, తోక అన్నీ పొడైపోవాల్సిందే. ఆ పొడి సంకటిలాంటి జొన్నగటకలో కలిపి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. నేను గంప దించుతూ మొదటిసారి చూసినప్పుడు బాలమణి నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. ఆ నోరు తెరిపించడానికి నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో నాకే తెలుసు. నాగరత్నం ముద్ద పెడుతూ, ఆ తక్కువ గొంతుతో, "తిను బిడ్డా, జెర తిను బిడ్డా" అంటోంది. ముద్దకొక బిడ్డా.

నా పిల్ల తింటోంది. సంతోషించాలి కదా? సంతోషం వచ్చింది కూడా, కాదనను. కానీ దాని వెనకే కుళ్ళు వచ్చి దాన్ని పక్కకు నెట్టి కూర్చుంది. తొమ్మిది నెలలు మోసింది నేను, తట్టు పోసినన్నాళ్ళు వేపరెమ్మతో విసిరింది నేను, నోరు తెరిచేది దానికా?

గిన్నె ఖాళీ అయ్యాక బాలమణి అరచేయి చాపి "కొసరు" అన్నది. అంగట్లో నా పక్కన కూర్చుని నేర్చిన మాట. నాగరత్నం నవ్వి, గిన్నె అంచుకు అంటుకున్నది గీకి చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టింది. అప్పటి నుంచి రోజూ అదే ఆట. నా చేతి అన్నం మీద కొసరు అడిగిన పాపాన పోలేదు నా కూతురు.

నేను కూడా ఊరుకోలేదు. అదే పొడి, అదే గటక, అదే గిన్నెలో కలిపి పెట్టి చూశాను. పిల్ల నా మొహం చూసి, గిన్నె చూసి, "చిన్నమ్మ" అని వాకిలి వైపు చూపించింది. ఆ పూట నేను నాగరత్నాన్ని నీళ్ళకు పంపేసి తలుపు మూశాను. అది బిందె నింపుకుని వచ్చేదాకా నా బిడ్డ ఆకలితో కూర్చున్నది కానీ నోరు తెరవలేదు. మొండితనం నాదే, ఎవరిని అనాలి?

అది చాలదన్నట్టు ఒక ఆదివారం అంగడికి తోడొస్తానని ఎండు పరకలు చిన్న బుట్టలో పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒరిస్సా, బీహార్ పిల్లలు వాసనకే దారి మళ్ళి వచ్చారు. "సూఖా మచ్లీ" అని ఎండు చేపల చుట్టూ మూగి, మా ఇంటి దగ్గర దొరికే చేపే, అమ్మ వండుతుంది అని ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. నా బొచ్చెలు ఈగలు తోలుకుంటూ ఉండగానే దాని బుట్ట ఖాళీ అయింది. వాళ్ళు "దీదీ, ఫిర్ లానా" అంటూ, అక్కా మళ్ళీ తెమ్మని చెప్పి పోయారు. ఇన్నేళ్ళ నుంచి అదే జాగలో కూర్చున్న నన్ను ఎవరూ దీదీ అనలేదు.

ఆ నెల మళ్ళీ తూకమేయడానికి పోయాం. రాధమ్మ టీచర్ కాటా చూసి మళ్ళీ చూసి, "ఏం వెడుతున్నవ్ ముత్యమ్మా? పిల్ల మొకం తేటపడ్డది" అన్నది. నాగరత్నం నా వెనకే ఉంది, పిల్ల చెప్పులు పట్టుకుని.

"పరకల పొడి. నేనే వెడుతున్న" అన్నాను.

టీచర్ మెచ్చుకున్నది. చిన్న చేపలను తలకాయతో, ముల్లుతో తింటే కళ్ళకు, ఎముకలకు, నెత్తురుకు ఎంతో బలమని వాళ్ళకు ట్రైనింగులో చెప్పారట. పెద్ద చేప ముక్కలో కూడా అంత ఉండదట. పేదోళ్ళకు ఇంతకన్నా మంచి తిండి లేదని, దేశాలన్నీ ఇప్పుడు ఇదే మాట్లాడుతున్నాయని చెప్పుకొచ్చింది. పటాన్‌చెరులో సగం మందికి నేను ఉత్తగా పంచిపెట్టింది ఇంత విలువైనదా అని నాకు తల తిరిగింది. నాగరత్నం వంగి పిల్లకు చెప్పులు తొడిగి, "నడువు బిడ్డా" అన్నది.

అక్కడ తెగింది నాకు. ఇంటికొచ్చాక వాకిలి ఊడుస్తున్నదాన్ని నిలబెట్టాను.

"ఇగో నాగరత్నం. దానికి పేరున్నది. బాలమణి. నా బిడ్డను నువ్వు బిడ్డా అని పిలువకు."

అది ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత చేతిలోని చీపురు వైపు చూసింది.

"గట్లనే అక్కా" అన్నది.

అంతే. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని నోటి నుంచి ఆ మాట రాలేదు. "తిను బాలమణీ" అనేది. ఆ పేరును కూడా ఎంత మెత్తగా అనేదంటే, ఇంకే మాట తీసేయమనాలో నాకు తెలియలేదు. మా అత్త అరుగు మీద నుంచి అంతా విన్నది. రెండు రోజులు నాతో మాట్లాడకుండా తమలపాకు నమిలింది.

మిరుగం, అదే మృగశిర కార్తె, రావడానికి ఇంక నెలన్నర ఉంది. మిరుగం నాడు మా దేశంలో చేప ముక్క తినని నోరుండదు. ఏడాదికి ఒక్కసారి వచ్చే గిరాకీ అది. చేపలోళ్ళ సంఘం వాళ్ళంతా చెరువులో పెద్దవల వేయకుండా సగం చేపలను దాని కోసమే పెంచుతారు. ఆ వల లాగడానికి నెల ముందే ఒక గట్టి వాన కొట్టింది. వాగు నిండా ఎక్కడి నుంచో నురగ కట్టిన నీళ్ళు, చాయ్ రంగువి, చెరువులోకి దిగాయి. ఎవరు వదిలారో ఎవరూ చెప్పలేదు. తెల్లారి మా ఆయన పిలిస్తే కట్ట మీదికి పోయి చూశాను. నీళ్ళు కనబడటం లేదు. తెల్లటి పొట్టలే. బొచ్చెలు, రవ్వలు, నేను చేయి పెట్టి ఎత్తలేనంత కొర్రమట్టలు, అన్నీ వెల్లకిలా. వాటి మధ్య బియ్యం చల్లినట్టు పరకలు.

మొగవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు ఎవరో. వల తీయడానికని నీళ్ళలో దిగిన మా ఆయన కాళ్ళు దద్దుర్లు లేచి నెల రోజులు మానలేదు. ఆ పొద్దున్న ఇంటికొచ్చేసరికి నాగరత్నం మిద్దె మీద ఉంది. ఎండుతున్నవి, దంచి డబ్బాకెత్తినవి అన్నీ మూట కట్టి పెంట మీద గొయ్యి తీసి పూడ్చేస్తోంది. అవి వాన రాక ముందరి పరకలు కదా, ఎందుకు పారేస్తున్నావని అడిగాను.

"ఆ నీళ్ళు ఎప్పటిసంది వస్తున్నయో మనకెర్కనా అక్కా? పిల్లకు వద్దు" అన్నది.

నాకు దాని మీద కోపం రాని రోజు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఇద్దరం కలిసి మట్టి కప్పాం.

చెరువు పోయాక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు పని లేదు. మా ఆయన ఒక రంగుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. సాయంత్రం పచ్చటి చేతులతో వచ్చేవాడు, సబ్బుతో రుద్దినా రంగు పోయేది కాదు. లింగానికి ఆ పని నచ్చలేదు. నాగరత్నం పుట్టింటి వాళ్ళకు మంజీరలో చేపలు పట్టే హక్కుంది, అక్కడికే పోతామన్నాడు. మా అత్త ఏడ్చింది. నేను మొహం దించుకుని మూటలు కట్టించాను కానీ లోపల నాకు పండగే. ఎందుకు దాచాలి? పోయేటప్పుడు నాగరత్నం పుట్టింటి నుంచి తెప్పించిన పరకల పొడి ఒక డబ్బా నిండా పొయ్యి పక్కన పెట్టింది. నిద్రపోతున్న పిల్ల దగ్గర కాసేపు నిలబడింది. పిలవలేదు, ముట్టలేదు. బస్సు వచ్చిందని లింగం కేకేస్తే పోయింది.

ఇంక నా బిడ్డ నాది అనుకున్నాను.

బాలమణి మొదటి రోజు వాకిట్లో కూర్చుని చూసింది. రెండో రోజు కూడా చూసింది. తర్వాత చూడటం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. డబ్బాలో పొడి ఉంది, గటక ఉంది, నేనున్నాను. బిడ్డా అని నేనే పిలిచాను, ముద్దకు రెండుసార్లు పిలిచాను. బతిమిలాడాను, కొట్టాను కూడా. నా చేయి మళ్ళీ నాకు చెప్పడం మొదలుపెట్టింది, పొద్దుపొద్దునా. తట్టప్పటి కన్నా తేలిక. రాధమ్మ టీచర్ ఈసారి భయపెట్టలేదు, ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

ఆ చీటీ కొంగున ముడేసుకుని కూర్చుంటే మా అత్త వచ్చి ఎదురుగా కూలబడింది.

"దవఖానల సూది ఏస్తరు, ముద్ద వెట్టరు. పిల్లను తీస్కొని నాగరత్నం తానకు పో" అన్నది.

నేను పోనన్నాను. నా ఇజ్జత్ ఏం కావాలన్నాను.

"నీ ఇజ్జత్ ఏడికి వోతది? బస్సుల నీ పక్కనే కూసుంటది. దానికి టికెట్ సుత లేదు" అన్నది ముసలిది.

మిరుగం నాడు బయలుదేరాను. సంగారెడ్డిలో దిగి జోగిపేట బస్సెక్కాను. బస్సులో ప్రతి ఒళ్ళోనూ చేపల సంచీ ఉంది. ఏళ్ళ తరబడి మిరుగం నాడు అమ్మినదాన్ని, ఆ రోజు ఒట్టి చేతులతో కూర్చున్నాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. గటక ఎట్లా కలుపుతావు, ఉప్పు ఎప్పుడు వేస్తావు, ఆ రెండు ముక్కలు అడిగి సాయంత్రం బస్సుకే తిరిగి రావాలి. బతిమిలాడేది లేదు. పిల్ల నా భుజం మీద పడుకుని ఉంది. ఏడ్చినా బాగుండేది, దానికి ఆ ఓపిక కూడా లేదు.

వాళ్ళ గుడిసె ఏటి ఒడ్డునే. నాగరత్నం బయట కూర్చుని పరకలు కడుగుతోంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, చేపలు వెండిలా మెరుస్తున్నాయి, అది కూడా నాకు మండింది. మమ్మల్ని చూసి దిగ్గున లేచింది. రెండడుగులు వేసింది. మళ్ళీ ఆగిపోయింది. పిల్లను చూసిన కళ్ళు పిల్ల మీదే ఉండిపోయాయి. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"రా బాలమణీ" అన్నది.

పిల్లను కిందికి దించాను. అది అక్కడే నిలబడింది. నాగరత్నాన్ని చూసింది, మూతి బిగించింది, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని మొహం దాచుకుంది. చెప్పకుండా పోయిందని అలిగింది కాబోలు. నాగరత్నం మళ్ళీ పిలిచింది, అదే పేరుతో. పెదవి కదిలి ఏదో అనబోయి, నన్ను చూసి మింగేసింది. ఏం మింగిందో నాకు తెలియదా?

ఇంకొక్క క్షణం అట్లాగే నిలబడి ఉంటే నేను గెలిచేదాన్ని. పిల్ల నన్నే పట్టుకుంది మరి. పట్టుకున్న ఆ చేయి నా కాలికి తగులుతుంటే బరువే లేదు.

"గట్ల పిలుస్తే వస్తదా?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "దానికి పేరు తెల్వదు. బిడ్డా అని పిలువు."

నాగరత్నం నా వైపు చూడలేదు. నేల మీద గొంతుక్కూర్చుంది. "బిడ్డా" అన్నది.

పిల్ల కుచ్చిళ్ళు వదిలేసింది.

కళ్ళు ఎటు తిప్పుకోవాలో తెలియక, కడగని పరకల ముందు కూర్చుని కడగడం మొదలుపెట్టాను. వెనక పెనం మీద చేపలు వేగుతున్న వాసన, రోట్లో దంచుతున్న చప్పుడు. అన్నీ వింటూనే ఉన్నాను. "తిను బిడ్డా" అన్నది. కాసేపటికి మళ్ళీ అన్నది. ముద్దకొకసారి. లెక్కపెట్టొద్దనుకుంటూనే ప్రతిదీ విన్నాను. పూర్తయ్యేదాకా తల తిప్పలేదు.

తర్వాత చిన్న పాదాల చప్పుడు నా దగ్గరికి వచ్చింది. బాలమణి. మూతి చుట్టూ గటక. అరచేయి చాపి నిలబడింది.

"అమ్మా, కొసరు" అన్నది.

నాగరత్నం గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది. అడుగున కొంచెం మిగిల్చింది. తూకమంతా దాని చేతిది, నాకు మిగిలింది కొసరు. నా యారాలి మీద నాకు అప్పుడూ కుళ్ళే, ఇప్పుడూ కుళ్ళే. చేతులు కొంగుకు తుడుచుకుని, గిన్నె అంచు గీకి, నలిపి ముద్ద చేశాను. నా బిడ్డ నోరు తెరిచింది.